పన్ను పడని సంపాదనలో పదో వంతు కోత

హైదరాబాద్,
2025 డిసెంబర్ 16.

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,



మీరు తెలుగింటి కోడలు. 2014 నుంచి 2016 దాకా ఆంధ్రప్రదేశ్ తరఫున రాజ్యసభలో ఉన్నారు. మీతో తెలుగులో మాట్లాడవచ్చన్న ధైర్యంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చెప్పుకోబోయే కష్టంలో కొంత భాషకు సంబంధించింది కూడా కాబట్టి తెలుగులో రాయడమే న్యాయం అనిపించింది.

మాది తెనాలి. పద్నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక వార్తాసంస్థ డెస్కులో పనిచేశాను. 2024 జూన్ ఆఖరున మా విభాగాన్ని ఎత్తేశారు. వారం తిరక్కుండా ఇంకో సంస్థ పిలిచింది. సీరియళ్లకు సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ స్క్రిప్టులు తెలుగులోకి తెచ్చే పని. నెలకు 40,000. "మిమ్మల్ని కన్సల్టెంట్‌గా తీసుకుంటున్నాం మేడం, పీఎఫ్ ఉండదు, 194జె కింద పెడతాం" అన్నాడు హెచ్ఆర్ అబ్బాయి. పీఎఫ్ ఉండదన్న మాట అర్థమైంది. 194జె అంటే ఏమిటని అడగలేదు. అది అడగవలసిన ప్రశ్న అని కూడా నాకు తెలియదు.

జూలై నెల డబ్బు ఖాతాలో పడ్డాక చూసుకుంటే 36,000 ఉంది. ఫోన్ చేస్తే "టీడీఎస్ కట్ అయింది మేడం, రిటర్న్ వేసుకుంటే తిరిగొస్తుంది" అన్నారు. టీడీఎస్ అంటే డబ్బిచ్చేవాళ్లే పన్ను కింద ముందుగా కోసే మొత్తం. అంతకు ముందు నెలదాకా 38,000 జీతం తీసుకున్నాను. అందులోంచి ఆదాయపు పన్ను కింద ఒక్క రూపాయి పోలేదు. మనిషిని నేనే, కూర్చుని చేసే పనీ దాదాపు అదే. ఉద్యోగి అన్న మాట పోయి కన్సల్టెంట్ అన్న మాట వచ్చింది. దాంతోపాటు నెలకు 4,000 కోత వచ్చింది. ఆ నాలుగు వేలూ మా పాప ట్యూషన్ ఫీజు.

ఎందుకిలా అన్నది మా ఆడిటర్ గారు తర్వాత విడమరిచి చెప్పారు. జీతమిచ్చే యజమాని సెక్షన్ 192 ప్రకారం ఉద్యోగి ఏడాది ఆదాయాన్ని అంచనా కడతాడు. దానిమీద పన్ను ఎంత పడుతుందో చూస్తాడు. దాన్నే నెలలకు పంచి కోస్తాడు. పన్ను పడకపోతే కోతే ఉండదు. కాంట్రాక్టు మనిషికి ఈ లెక్క వర్తించదు. సెక్షన్ 194జె ప్రకారం ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చే ఫీజు పరిమితి దాటితే చాలు, బిల్లులో పదో వంతు కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఆ మనిషి ఏడాది మొత్తం సంపాదన మూడు లక్షలా, ముప్పై లక్షలా అని చూసే పని లేదు. నేను చేరినప్పుడు ఆ పరిమితి 30,000. ఈ 2025 ఏప్రిల్ నుంచి మీరు దాన్ని 50,000 చేశారు. అందుకు కృతజ్ఞతలు. కానీ అది నెలకు కాదు, ఏడాదికి. నెలకు 30,000 తీసుకునే మనిషి రెండో నెలలోనే దాన్ని దాటేస్తాడు. దాటాక మొదటి నెల డబ్బు మీద కూడా కోత పడుతుంది.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. గెస్ట్ ఫ్యాకల్టీ అంటారు, మూడేళ్లుగా రోజూ ఆరు పీరియడ్లు చెబుతున్నా సరే. నెలకు 30,000 చొప్పున ఏడాదికి 3,60,000. కొత్త పన్ను విధానంలో ఈ ఏడాది 4 లక్షల దాకా అసలు శ్లాబే మొదలు కాదు. అయినా వాడికి నెలకు 3,000 కోస్తున్నారు. అదే విజయవాడలో నెలకు లక్ష రూపాయల జీతం తీసుకునే ఉద్యోగి ఉన్నాడనుకోండి. 12 లక్షల దాకా మీరిచ్చిన రిబేటు, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ వల్ల అతనికి ఈ ఏడాది ఒక్క రూపాయి కోత లేదు. చట్టం ప్రకారం ఇద్దరూ కట్టవలసిన పన్ను సున్నా. లక్ష తెచ్చుకునేవాడి సున్నాను నెలనెలా గౌరవించారు. ముప్పై వేలు తెచ్చుకునేవాడి దగ్గర మాత్రం ఏడాదికి 36,000 ముందే తీసుకుని, తర్వాత వచ్చి అడిగి తీసుకోమన్నారు.

మంత్రిగారూ, నేను పన్ను ఎగ్గొట్టే దారి అడగడం లేదు. సొంతంగా ప్రాక్టీసు చేసుకుంటూ ఆదాయం దాచేవాళ్లు ఉన్నారని, డబ్బు ఎవరి నుంచి ఎవరికి పోయిందో పాన్ మీద జాడ ఉండాలని, అందుకే మూలం దగ్గర కోత పెట్టారని నాకు తెలుసు. జాడ ఉండాల్సిందే. కానీ జాడ కోసం పదో వంతు ఎందుకు? ఒక కంపెనీ వేడుకకు భోజనాలు వండి పెట్టిన క్యాటరింగ్ కాంట్రాక్టరు సొంత పేరు మీద బిల్లు పెడితే 194సి కింద 1 శాతమే కోస్తారు. సాంకేతిక సేవ అని రాస్తే 2 శాతం. ఆ 1 శాతంతోనే వాళ్ల జాడ ప్రభుత్వానికి తెలుస్తోంది. వండేవారికి చాలినది చదువు చెప్పేవారికీ, రాసేవారికీ ఎందుకు చాలదు?

మా నాన్నగారు ఏటా ఏప్రిల్‌లో తెనాలిలో బ్యాంకుకు వెళ్లి ఫారం 15హెచ్ ఇచ్చి వస్తారు. నా ఆదాయం మీద పన్ను పడదు, నా డిపాజిట్ వడ్డీలో కోయవద్దు అని రాసి సంతకం పెడతారు. బ్యాంకు ఆ మాట నమ్ముతుంది. అరవై నిండనివాళ్లకు 15జి ఉంది. డిపాజిట్ చేసుకోగలిగిన వారి మాటను ఒక సంతకంతో నమ్మే చట్టం, ఒంటి కష్టం మీద బతికే మనిషి మాటను అలా నమ్మదు. 194జె కోతకు 15జి చెల్లదు. మాకున్న దారి సెక్షన్ 197 ఒక్కటే. ఫారం 13 పెట్టుకుని, గత నాలుగేళ్ల ఆదాయాలు, ఈ ఏటి అంచనాలు చూపించి, అధికారి నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఏడాది అయిపోయింది. ముప్పై వేల లెక్చరర్ ఎవరూ ఆ పని చేయగా నేను చూడలేదు.

మా అక్క కొడుక్కి ఇంకో చిక్కు కూడా ఉంది. ఆదాయం పరిమితి లోపే కాబట్టి రిటర్న్ వేయనక్కర్లేదని స్నేహితులు చెప్పారు. నిజానికి ఏడాదిలో కోసిన టీడీఎస్ 25,000 చేరితే రిటర్న్ వేయడం తప్పనిసరి అని 2022లో నియమం వచ్చింది. అంటే వాడి సంపాదన వాడిని రిటర్న్ వేయమనడం లేదు, వాడి దగ్గర కోసిన డబ్బు వేయమంటోంది. రిటర్న్ వేయకపోతే ఆ డబ్బూ రాదు, నియమమూ తప్పినట్టవుతుంది.

సరే, రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది కదా అంటారు. ఎప్పుడొస్తుందో, ఎంత వడ్డీతో వస్తుందో నా లెక్కే చెబుతాను. 2024-25లో మూడు నెలల జీతం 1,14,000, తొమ్మిది నెలల ఫీజు 3,60,000. కలిపితే 4,74,000. ఆ ఏడాది కొత్త విధానంలో 7 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి కట్టవలసిన పన్ను ఏమీ లేదు. రిటర్న్ ఈ సెప్టెంబర్‌లో వేశాను, గడువు లోపే. రిఫండ్ నవంబర్‌లో వచ్చింది. అంటే 2024 జూలై బిల్లులో కోసిన 4,000 నా చేతికి రావడానికి పదిహేను నెలలు దాటింది. రిఫండ్ మీద వడ్డీ నెలకు అర శాతం. అదైనా ఏప్రిల్ 1 నుంచే లెక్క. కోసిన రోజు నుంచి ఆ మార్చి ఆఖరుదాకా నా డబ్బు ప్రభుత్వం దగ్గర ఉన్న కాలానికి వడ్డీ లేదు. వచ్చిన ఆ వడ్డీని మళ్లీ వచ్చే రిటర్న్‌లో ఆదాయంగా చూపించాలి. నేను పన్ను కట్టడంలో ఆలస్యం చేస్తే మాత్రం నెలకు 1 శాతం. బాకీ ఒకరిది అయితే ఒక వడ్డీ, ఇంకొకరిది అయితే దానికి రెట్టింపు.

ఈ మధ్యలోనే దళారులు వస్తారు. మా రామ్‌నగర్‌లో జిరాక్స్ షాపు గోడల మీద కూడా "టీడీఎస్ రిఫండ్ ఇప్పించబడును" అన్న కాగితాలు ఉన్నాయి. వచ్చే రిఫండులో పది శాతం అడిగేవారు కొందరు, లేని ఖర్చులు, కట్టని చందాలు చూపించి ఇంకా ఎక్కువ తెప్పిస్తామనేవారు కొందరు. 2025 జూలైలో మీ శాఖ ఇలాంటి బోగస్ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. చేయాల్సిన పనే. కానీ ఆ దళారి గుమ్మం దాకా మనిషిని తెచ్చింది ఏమిటో కూడా చూడాలి. పన్ను పడని మనిషి దగ్గర డబ్బు కోసి, అది తిరిగి తెచ్చుకునే దారిని అతనికి తెలియని భాషలో పెడితే, తెలిసినవాడినని చెప్పుకునే మొదటి మనిషి దగ్గరికే వెళతాడు. సంతకం అతనిది, పాన్ అతనిది. రేపు నోటీసు వచ్చేదీ అతనికే.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి.

కోత 36,000 అయితే రిఫండ్ 36,000 రావాలి. నాకు వచ్చింది 24,000. 2024 జూలై నుంచి డిసెంబర్ దాకా రెండు త్రైమాసికాల టీడీఎస్ మాత్రమే, నా పాన్ మీద జమైన పన్నులు చూపే 26ఏఎస్‌లో కనిపించింది. 2025 జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నా బిల్లుల్లో కోసిన 12,000 ఆ సంస్థ ప్రభుత్వానికి కట్టనే లేదు. మే 31లోపు వాళ్లు టీడీఎస్ లెక్క దాఖలు చేయాలని, జూన్ 15కల్లా నాకు టీడీఎస్ సర్టిఫికెట్, అంటే ఫారం 16ఏ, ఇవ్వాలని నాకప్పుడు తెలియదు. తెలిశాక జూన్‌లో అడిగాను. అకౌంట్స్‌వాళ్లు చూస్తున్నారన్నారు. జూలైలో అడిగాను. ఆగస్టులో అకౌంటెంటే మారిపోయాడన్నారు. సెప్టెంబర్‌లో గడువు దగ్గర పడ్డాక ఆఫీసుకు వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. వచ్చే వారం అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ పని కూడా అంతటితో ఆగిపోయింది. నాకు 12,000 పోవడమే కాక, అడిగినందుకు పని పోయింది. ఇప్పుడు వేరే రెండు సంస్థలకు రాస్తున్నాను.

కోసి కట్టకపోవడం చిన్న తప్పేమీ కాదని చట్టమే చెబుతోంది. నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ ఉంది. సెక్షన్ 276బి కింద మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. సెక్షన్ 205 ఇంకో మంచి మాట చెబుతోంది: కోత పడిన మనిషి దగ్గర ఆ పన్ను మళ్లీ వసూలు చేయకూడదు. 2015 జూన్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు ఇదే ఆదేశమిచ్చింది. ఇవన్నీ చదివి ఊరట పడ్డాను. తర్వాత అర్థమైంది, ఆ రక్షణ పన్ను బాకీ ఉన్న మనిషికి. నేను బాకీ లేను, నాకే రావాలి. నా దగ్గర మళ్లీ వసూలు చేయరు, అంతే. నా బిల్లుల్లో 40,000 ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 36,000 ఉంది. మధ్యలో పోయిన నాలుగు వేలకు కాగితం ఇవ్వవలసిన వాడే ఇవ్వకపోతే నా మాటకు విలువ లేదు. ఇలాంటి కేసుల్లో హైకోర్టులకు వెళ్లి క్రెడిట్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. పన్నెండు వేల కోసం హైకోర్టు మెట్లెక్కే స్తోమత మాకు ఉందా అమ్మా?

ప్రభుత్వం తన తరఫున కోత కోసే అధికారం ఆ సంస్థకు ఇచ్చింది. నేను ఇవ్వలేదు. నన్ను అడగలేదు. కాబట్టి ఆ సంస్థ తన చేతిలో పెట్టుకున్న డబ్బు నాకు సంబంధించినంతవరకు ప్రభుత్వం చేతికి చేరినట్టే. ఆ తర్వాత దాన్ని రాబట్టుకోవలసింది మీ శాఖ. శాఖకు అధికారులున్నారు, నోటీసులున్నాయి, జైలు సెక్షన్ ఉంది. నాకున్నది ఒక ఫోన్ నంబరు, దాన్ని అవతలివాళ్లు ఎత్తడం లేదు.

ఇంకో విషయం. రిటర్న్ వేయడానికి కూర్చున్నప్పుడు అసలు నేను ఎవరినో చట్టానికి తెలియదని తేలింది. 2016లో వచ్చిన 44ఏడీఏ సెక్షన్ చాలా మంచిది. చిన్న ప్రాక్టీసు ఉన్నవాళ్లు ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేదు, వచ్చిన ఫీజులో సగం ఖర్చని వదిలేసి మిగతా సగాన్ని ఆదాయంగా చూపించవచ్చు. 50 లక్షల దాకా, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా. కానీ అది అందరికీ కాదు. లాయర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఐటీవాళ్లు, ఇలా ఒక జాబితా ఉంది. సినిమా కళాకారులూ ఉన్నారు. వాళ్లలో పాట రాసేవారు, కథ రాసేవారు, మాటలు రాసేవారు, దుస్తులు డిజైన్ చేసేవారు అని పేరుపేరునా రాశారు. ఫిల్మ్‌నగర్‌లో మాటలు రాసేవారి పేరు జాబితాలో ఉంది. ఆ మాటలనే ఇంకో భాషలోకి తెచ్చేవారి పేరు లేదు. ట్యూషన్ చెప్పేవారి పేరు లేదు, యోగా నేర్పేవారి పేరు లేదు, కంటెంట్ రాసేవారి పేరు లేదు.

ముగ్గురు ఆడిటర్లను అడిగాను. ఒకరు 44ఏడీఏ కింద సగం చూపించండి అన్నారు. ఇంకొకరు మీరు జాబితాలో లేరు కాబట్టి వ్యాపారమే, 44ఏడీ కింద బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బులో 6 శాతం చూపిస్తే చాలు అన్నారు. 194జె కింద కోత పడిన డబ్బును వ్యాపారం అంటే రేపు ప్రశ్న వస్తుంది, అసలు ఖర్చులు రాసి ఐటీఆర్-3 ఫారంలో రిటర్న్ వేయండి అన్నారు మూడోవారు. నేను భయపడి మూడోవారి మాటే విన్నాను. నా ఆదాయానికి ఎలా చూపినా పన్ను లేదు కాబట్టి నష్టం లేదు. కానీ ఏడాదికి 24 లక్షల ఫీజు వచ్చే మనిషిని తీసుకోండి. 6 శాతం లెక్కలో ఆదాయం 1,44,000. సగం లెక్కలో 12 లక్షలు. నిజంగా అయిన ఖర్చు నాలుగు లక్షలే అనుకుంటే 20 లక్షలు. మొదటి రెండు లెక్కల్లో ఈ ఏడాది పన్ను సున్నా, మూడో లెక్కలో సెస్సుతో 2,08,000. ఒకే మనిషి, ఒకే సంపాదన. చట్టంలో పేరు ఉందా లేదా అన్నదాని మీద రెండు లక్షలు ఆధారపడి ఉన్నాయి. భయస్తుడు ఎక్కువ కడతాడు, ధైర్యస్తుడు తక్కువ కడతాడు. పన్ను మనిషి గుండె ధైర్యాన్ని బట్టి ఉండకూడదు.

పాత విధానమా కొత్త విధానమా అన్న ఎంపికలోనూ ఈ తేడా ఉంది. జీతగాళ్లు ఏటా మార్చుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు కొత్తది వదిలి పాతదానికి వెళ్లి తిరిగివస్తే, ఆ ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లలేరు. మొదటి ఏడాదివాళ్లకు ఇది ఎవరూ చెప్పరు.

మా పక్కింటి అబ్బాయిది మరో కథ. విదేశీ కంపెనీకి ఇంట్లో కూర్చుని ప్రోగ్రామింగ్ చేస్తాడు. 2024-25లో 18 లక్షలు వచ్చింది. అటు నుంచి వచ్చే డబ్బులో కోతే లేదు. కోత లేదు కాబట్టి కట్టేదీ లేదనుకున్నాడు. జూలైలో ఆడిటర్ దగ్గర తేలింది: 44ఏడీఏ కింద తొమ్మిది లక్షల ఆదాయం, 41,600 పన్ను, అది మార్చి 15కే అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టి ఉండాలి, కట్టనందుకు రెండు వేల చిల్లర వడ్డీ. వడ్డీ పెద్దదేమీ కాదు. కానీ ఆ నలభై వేలు పక్కన పెట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు, చెల్లెలి పెళ్లికి ఇచ్చేశాడు. అప్పు చేసి కట్టాడు. కంగారులో చలానాలో మదింపు సంవత్సరం తప్పు పెట్టి, దాన్ని సరిచేయించుకోవడానికి ఇంకో నెల తిరిగాడు. 2024-25లో సంపాదించిన దానికి 2025-26 అని రాయాలని కొత్త మనిషికి ఎలా తెలుస్తుంది? ఈ రెండు సంవత్సరాల గందరగోళం తీసేసి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఒక్క పన్ను సంవత్సరమే పెట్టారు. నిజంగా మేలు చేసిన మార్పు అది. 819 సెక్షన్లను 536 చేశారు. 44ఏడీ, 44ఏడీఏలు కలిసి సెక్షన్ 58లోకి వచ్చాయి. ఇంత శ్రమ పడ్డ మీరు ఇంకొంచెం ముందుకు రావాలనే నా కోరిక.

నిన్న డిసెంబర్ 15. అడ్వాన్స్ ట్యాక్స్ మూడో వాయిదా గడువు. కోత పోగా కట్టవలసిన పన్ను పది వేలు, ఆపైన ఉన్నవారు, మార్చి 15న ఒకేసారి కట్టే 44ఏడీఏ లాంటి లెక్కలవాళ్లు తప్ప, నిన్నటికి ముప్పావు వంతు కట్టి ఉండాలి. ఈ ఏడాది కొత్తగా కాంట్రాక్టులోకి వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ తేదీ తెలుసు? మీ శాఖ నుంచి నాకు ఎస్సెమ్మెస్‌లు వస్తుంటాయి, ఇంగ్లిషులో. చదవగలను, అనువాదమే నా వృత్తి కదా. మా అక్క కొడుకు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసే కుర్రాడు చదవలేడు. వాడికీ 194జె కోతే.

మొదటిసారి ఒక పాన్ మీద 194జె కోత నమోదైన రోజే మీ శాఖకు తెలుస్తుంది, ఈ మనిషి కొత్తగా సొంత కాళ్ల మీద నిలబడ్డాడని. ఆ రోజే అతని ఫోనుకు అతని భాషలో ఒక సందేశం వెళ్లాలి. ఇంత కోశారు, ఇక్కడ చూసుకోండి, ఈ తేదీలు గుర్తు పెట్టుకోండి, ఆదాయం ఇంత లోపు ఉంటే ఈ డబ్బు మీదే, తిరిగి తీసుకోండి అని. ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది, పాన్ మీ దగ్గర ఉంది. మూడు నెలలకోసారి 26ఏఎస్‌లో చేరిన మొత్తం కూడా అలాగే చెప్పాలి. అలా చెప్పి ఉంటే, నా జనవరి కోత జమకాలేదని నేను మే నెలాఖరుకే పట్టుకునేదాన్ని.

ఈ ఉత్తరం మీ దగ్గరికి చేరేలోపు నాలాంటివాళ్లు కొందరు చదువుతారు. వాళ్లకు రెండు మాటలు చెబుతాను. కన్సల్టెంట్ అన్నారంటే అడగండి, ఏ సెక్షన్ కింద, ఎంత శాతం అని. చేసిన ప్రతి పనికీ తేదీతో, నంబరుతో బిల్లు పెట్టండి, కోతకు ముందు మొత్తం అందులో ఉండాలి. ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి, జూన్ నెలల్లో 26ఏఎస్ తెరిచి చూసుకోండి. కోత లేని డబ్బు వస్తే అందులో కొంత వేరే ఖాతాలో వేసి మరిచిపోండి. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను. దళారికి మాత్రం మీ పాస్‌వర్డ్ ఇవ్వకండి.

మంత్రిగారూ, ఫిబ్రవరి 1న మీరు బడ్జెట్ చదువుతారు. 12 లక్షల దాకా పన్ను లేదన్న మీ మాట జీతగాళ్లకు నెల మొదటి తారీఖునే అందుతోంది, మాకు ఏడాదిన్నర తర్వాత అందుతోంది. పన్ను పడనంత ఆదాయం ఉన్న వృత్తిదారుల నుంచి 15జి లాంటి ప్రకటన తీసుకుని కోత ఆపే వీలు కల్పించండి. అది కుదరదంటే కోతను 1 శాతానికి తగ్గించండి. సెక్షన్ 58 ఎవరికి వర్తిస్తుందో చెప్పే జాబితాలో అనువాదకులు, ట్యూషన్ మాస్టర్లు, రచయితల పేర్లు రాయండి. కోసిన డబ్బు సంస్థ కట్టకపోతే, బిల్లూ బ్యాంకు స్టేట్‌మెంటూ చూసి మా డబ్బు మాకు ఇచ్చి, మీ వసూలు మీరు చేసుకోండి.

2024-25 నాటి నా బిల్లులు తొమ్మిదీ, బ్యాంకు స్టేట్‌మెంటూ భద్రంగా ఉన్నాయి. మీ అధికారి ఎవరు అడిగినా తెచ్చి చూపిస్తాను. ఈ ఉత్తరం రాసే నాటికి నా 12,000 రూపాయలు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక అనువాదకురాలు,
రామ్‌నగర్, హైదరాబాద్.